వరసలో మీ డబ్బా

ఏమండీ,

ఈ ఏడాది వార్డులో చేసిన పనులంటూ ఇవాళ ఇంటింటికీ పుస్తకం పంచారు. అందులో మన మునిర్కా గల్లీ ఫొటోలు రెండున్నాయి. 'ముందు' అన్నదాంట్లో ట్యాంకర్ దగ్గర మీరు నీలం డబ్బాతో నిలబడ్డారు. 'తర్వాత' అన్నదాంట్లో కొత్త కుళాయి ఉంది, మనుషులెవరూ లేరు.

"మమ్మీ, దేఖో, పాపా!" అని చిన్ని అరిచింది.

ఆ కుళాయి కోసం ఎన్ని అర్జీలు పెట్టారో! "మీకెందుకండీ, ఇల్లు మారిపోదాం" అని నేనే విసుక్కునేదాన్ని. మీరు పోయిన నాలుగో నెలలో నీళ్లొచ్చాయి.

వరసలో డబ్బా ఉంటే మనిషి ఉన్నట్టేనని మన గల్లీలో లెక్క కదా. పుస్తకం మూసి, మీ డబ్బాను కుళాయి దగ్గర పెట్టొచ్చాను.

ఇందాక తలుపు తీస్తే, ఎవరో దాన్ని నింపి గుమ్మం ముందు పెట్టి వెళ్లారు.