ఎర్ర దీపం పడితే బండి ఆగాలి

చిరంజీవి అమ్మాయికి బాబాయి దీవెనలు.

నేనూ మీ పిన్నీ క్షేమం. ఐసు ఫ్యాక్టరీ రూటు బస్సు నడుపుతూ ఇంజను పక్కన కూర్చుని కూర్చుని నా చెవులు ఎలా తయారయ్యాయో నీకు తెలుసు. ఫోనులో నువ్వు తుఫాను అంటే నాకు తిన్నాను అని వినబడుతుంది. ఏం తిన్నావమ్మా అని అడుగుతాను. అందుకే ఈ ఉత్తరం రాసి టపా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

నువ్వు వాతావరణ కార్యాలయంలో పనిచేస్తున్నావు కనక అడుగుతున్నాను. నిన్న రేడియోలో మా తీరానికి పసుపు హెచ్చరిక అన్నారు. పసుపు దీపమంటే ఆగి చూడమనే కదా? సముద్రం ఒడ్డుకెళ్లి ఆగి చూశాను. ఒంటి మీద పొడి నూలుపోగు మిగల్లేదు.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. పచ్చ దీపం ఎప్పుడు వేస్తారో కాస్త ముందుగా చెప్పు. మీ పిన్ని దుప్పట్లు ఉతుక్కోవాలట.

*

బాబాయికీ పిన్నికీ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆఫీసులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇవి కూడలి దీపాలు కావు బాబాయ్. పసుపు అంటే వార్తలు వింటూ కనిపెట్టుకుని ఉండమని. నారింజ అంటే అన్నీ సర్దుకుని సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే ప్రాణం మీదికి వచ్చిందని. పల్లంలో ఉన్నవాళ్లు ఎత్తు మీద గట్టి భవనంలోకి వెళ్లిపోవాలి. మందులు, టార్చి, తాగే నీళ్లు దగ్గర పెట్టుకోండి. ముఖ్యమైనవి తడవకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టండి. సముద్రంలో వాయుగుండం బలపడుతోంది.

ఉంటాను,
మీ అమ్మాయి

తా.క. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుఫాను అయిపోయిందనుకుని బయటికి రాకండి. అది తుఫాను కన్ను. అది దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది.

*

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నారింజ పడింది. సిద్ధంగా ఉండమన్నావని యూనిఫాం వేసుకుని కూర్చున్నాను. ముఖ్యమైనవి సంచిలో కట్టమన్నావు చూడు, అక్కడే మాకు మాటామాటా వచ్చింది. నేను నా లైసెన్సు పెట్టాను. మీ పిన్ని కుట్టుమిషను పెట్టింది. సంచి మూతి ముడి పడలేదు. లైసెన్సు తీసేసింది.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోను. ఎర్ర దీపం పడితే బండి ఆగాలి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒక్క ఎర్ర దీపం దాటినవాణ్ణి కాను. ఇప్పుడు అన్నయ్య కూతురు చెప్పిందని దాటమంటావా? ఎరుపు పడ్డాక అంగుళం కదలను.

ఇట్లు,
మాట మీద నిలబడే బాబాయి

తా.క. తుఫానుకి కన్ను ఉందని మీ పిన్నికి చెప్పాను. ఒంటికన్నా అని అడిగింది. అది లోపలికి చూడకుండా కిటికీల కర్టెన్లకు మేకులు కొట్టమంటోంది.

*

బాబాయికి, కాళ్లు పట్టుకుని రాస్తున్నాను.

తుఫాను బొమ్మ ఇప్పుడే తెర మీద చూశాను. ఈ ఉద్యోగంలో చాలా చూశాను గాని ఇంతటిది చూడలేదు. తెల్లగా సుడి తిరుగుతూ, సముద్రమంతా తనదే అన్నట్టుంది. మధ్యలో నల్లటి చుక్క. అందంగా ఉందని అనకూడదు. దాని దారిలో మీ వీధి ఉంది.

ఎరుపు పడగానే బయల్దేరండి. బస్సు ఇంటి ముందే ఉందిగా, వీధిలో అందరినీ ఎత్తు మీది బడికి చేర్చండి. మీరు చేరారని తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.

మీ అమ్మాయి

తా.క. టికెట్లు కొట్టకండి.

*

చిరంజీవి అమ్మాయికి బడి వరండా నుంచి దీవెనలు.

నీ మాట వినలేదు. ఎరుపు పడ్డాక నేను అంగుళం కదలలేదు. అప్పటికే వీధి వీధంతా బడిలో ఉంది మరి.

ఎర్ర దీపం పడేలోగా కూడలి దాటేయాలి, లేకపోతే ఇవతలే ఇరుక్కుంటాం. అది డ్రైవరు లెక్క. నీ ఉత్తరం అందగానే, నారింజ ఉండగానే బస్సు తీశాను. మా వీధి రొట్టెల బట్టీ ఆయన రానన్నాడు. పిండి పొంగుతోందట. పిండి తొట్టితో సహా ఎక్కించాను. దారిలో అది పొంగి పొంగి ఆయన ఒళ్లోంచి పక్క సీటుకు పాకింది. రేడియోలో ఎరుపు అనే మాట వచ్చేసరికి కిందికి రోడ్డు లేదు. రోడ్డున్న చోట సముద్రం ఉంది.

తర్వాత వచ్చినదాన్ని గాలి అనడానికి నోరు రావడం లేదు. బడి గోడలు ఊపిరి బిగబట్టి వదులుతున్నట్టు అనిపించింది. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. నా చెవులు పూర్తిగా పోయాయనుకున్నాను. మీ పిన్నిని అడిగితే, “నాకూ ఏమీ వినబడ్డం లేదండీ” అంది.

కొందరు ఇళ్లు చూసుకొస్తామని లేచారు. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. “ఇది స్టేజీ కాదు. ఎవరూ దిగొద్దు” అన్నాను. కూర్చున్నారు.

తలుపు సందులోంచి తలలు బయటికి పెట్టి చూశాం. చుట్టూ ఆకాశాన్నంటిన మబ్బు గోడ. పైన, బావి అడుగు నుంచి చూసినట్టు, గుండ్రంగా నీలం. అలసిపోయిన సముద్రపు పక్షులు మా ముంగిట్లో దిగాయి, మమ్మల్ని చూసి బెదరలేదు. మీ పిన్ని నా చెయ్యి పట్టుకుని, “ఇంత పెద్దది, మనవైపు చూడనైనా చూళ్లేదండీ” అంది మెల్లిగా. తర్వాత అవతలి దిక్కు నుంచి మళ్లీ మొదలైంది.

తెరిపి ఇచ్చాక దిగి వెళ్లాం. ఇల్లు లేదు. వీధే లేదు. మనుషులం అందరం ఉన్నాం. సముద్రం ఏమీ ఎరగనట్టు ఒక్కో అలనూ తెచ్చి ఒడ్డున పెడుతోంది. కోపం రావాలి కదా, రాలేదమ్మా. టోపీ తీసి అలా నిలబడిపోయాను.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. రొట్టెలాయన కొట్టుకొచ్చిన ఇటుకలు ఏరి బడి వెనక పొయ్యి కట్టాడు. అందులో సగం మన గోడవే, మీ పిన్ని రంగు చూసి పోల్చింది. మొదటి రొట్టె ఆమెకే ఇచ్చాడు. తిని, “మన గోడలు ఇంత బాగా వేడెక్కుతాయని తెలిస్తే ఇన్నేళ్లూ చలికి వణికేవాళ్లం కాదండీ” అంది.