నెమళ్లు లేని కూజా

రమణీ,

నీ మ్యూజియం ప్రాజెక్టు పుస్తకం మొదటి పేజీలో నువ్వు అబద్ధం రాశావు. కింద సంతకం పెట్టి మరీ రాశావు.

కాగితం విసిరికొట్టకు, ముందు కుశలాలు కానీ. నా ఒంట్లో బాగానే ఉంది. నేను మామా అని పిలవాల్సిన ఈ ఇంటి యజమానురాలు, ఆమె పిల్లలు, వాళ్ల పిల్లి, అందరూ క్షేమం. అక్కడ నువ్వూ అవ్వా కూడా బాగున్నారనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ సంగతి నువ్వు ఎప్పుడూ రాయవు. సెలవుకు రాయచోటి వస్తున్న దిల్షాద్ బీ చేతికి ఈ ఉత్తరంతో పాటు అవ్వ మోకాళ్లకు నూనె కూడా ఇచ్చాను.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు. సరే, అడిగినవాటికే చెబుతాను.

ఆ మ్యూజియంలో పిల్లలకు బొమ్మల తరగతి శనివారాలు, రెండు గంటలు. మామా చిన్న కూతురు దానా పోయిన వారం మట్టితో చేప చేసింది. పెద్దవాళ్లకు వేరే రోజుల్లో అరబ్బీ అందమైన రాత నేర్పుతారు, పాత తివాచీల మీద ఉపన్యాసాలు పెడతారు. అక్కడ వాకిట్లో గోడకు అంటించిన కాగితంలో చూసిందే రాస్తున్నాను.

ఇక రెండోది. ‘మ్యూజియం అందరిదీ’ అన్న నీ వాక్యాన్ని మీ సారు మెచ్చుకున్నారట, నాకెలా ఉందని అడిగావు. బాగాలేదు. అందరిదీ అని రాసేది లోపలికి వెళ్లినవాళ్లే. శనివారాలు నేను కూర్చునేది ఎక్కడో తెలుసా? వాకిలి దాటాక ఎడమ పక్క బల్ల మీద. దానా సంచి, మామా కొన్న వస్తువుల సంచులు, నీళ్ల సీసాలు, నేను. పనిమనుషులు లోపలికి రాకూడదని ఎక్కడా బోర్డు లేదు. బోర్డు ఉంటే పోట్లాడేదాన్ని. ఊళ్లో రేషన్ డిపో దగ్గర కూలోళ్లకు వేరే వరస పెట్టి తాడు కడితే, ఆ తాడు కోసిపారేసినదాన్ని. ఇక్కడ తాడు లేదు, బల్ల ఉంది. “ఇక్కడ కూర్చో, సామాన్లు చూసుకో” అంటుంది మామా. నవ్వుతూనే అంటుంది. నవ్వుతూ చూపించిన బల్ల మీద కూర్చున్న మనిషి దేనిమీద తిరగబడాలి? మీ సారును అడిగి చెప్పు.

మూడోది: నీలం కూజాకు వెనక వైపు కూడా నెమళ్లు ఉన్నాయా, ఉంటే ఎన్ని?

ఆ ప్రశ్న పట్టుకుని పోయిన శనివారం వెంకటసత్యనారాయణను అడిగాను. లోపలి గది వాకిట్లో నిలబడే కాపలాదారు, అమలాపురం దగ్గరివాడు.

“ఆ నీలం కూజా వెనకాల ఎట్లుంటుంది సామీ?”

“ఏ కూజా అండీ?”

“నాలుగేండ్ల నుంచి దాని పక్కనే నిలబడినావు గదప్పా!”

“ఆయ్, పక్కనేనండి. వీపు దానికేసి పెట్టి నిలబడతానండి. మేం చూడాల్సింది జనాన్ని కదండీ. కూజాలెక్కడికి పారిపోతాయి?” అని నవ్వాడు. “మీరే వెళ్లి చూసొచ్చేయండక్కా. సంచులు నేను చూస్తాను కదా.”

“మామా వస్తే?”

“వస్తే రానివ్వండి. ఊళ్లో సంఘం నడిపానంటారు, కరపత్రాలు రాశానంటారు. అదంతా ఉత్తిదేనా ఏంటండీ?”

ఆ మాట గుచ్చుకుంది. లేచాను.

రమణీ, ఏడాదిగా ఆ మ్యూజియం గురించి నీకు రాస్తున్నాను. లోపలికి వెళ్లడం అదే మొదటిసారి.

అవును. నీలం కూజా, వెండి దువ్వెన, తివాచీలో పారే కాలువ, నీ పుస్తకంలో పదకొండు పేజీలు, అన్నీ ఆ బల్ల మీద కూర్చుని అల్లినవే. దానా గీసుకొచ్చిన బొమ్మలు కొంత, జనం పారేసిన కాగితాలు కొంత, మిగతాదంతా నేను. ‘ఇవన్నీ మా అమ్మ కళ్లతో చూశాను’ అని మొదటి పేజీలో రాసుకున్నావే, ఆ కళ్లు ఏమీ చూడలేదు.

ఎందుకని అడుగుతావు. మీ నాయన పోయాక, నీకు పదేళ్లప్పుడు నిన్ను అవ్వ దగ్గర వదిలి వచ్చాను. తొమ్మిదేళ్లు నువ్వు నాతో మాట్లాడలేదు. ఇక్కడి అమ్ఘరా తుక్కు బజారులో లారీ తోలే రామసుబ్బయ్య చిన్నాయన ఊరికి వస్తుంటే ఒక కాగితం రాసి ఇచ్చాను, ఇక్కడ ఒక నీలం కూజా ఉందని. నువ్వు జవాబు రాశావు. ‘ఎంత నీలం?’ రెండే మాటలు. వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చాను. ఇక ఆ కూజాను ఎట్లా ఆపేది? ఉత్తరానికొక వస్తువు పుట్టించాను. వస్తువులు అయిపోతే నువ్వూ అయిపోతావని భయం.

ఆ నెమళ్లు నీ నాలుగో తరగతి పావడా అంచులోవి. పదిహేడు. కుట్టింది నేనే. గుర్తుపట్టి తిడతావని నాలుగు ఉత్తరాలు ఎదురుచూశాను. గుర్తుపట్టలేదు.

అసలు కూజా మూరెడు ఎత్తు కూడా లేదు. నీలం కాదు, పాచి రంగు. దానా దగ్గర ఆ రోజు నీలం పెన్సిలే ఉన్నట్టుంది. నెమళ్లు లేవు, పువ్వులు లేవు. మెడ కింద ఎవరిదో బొటనవేలు నొక్కుకుపోతే సరిచేయకుండానే కాల్చేశారు. వెనక గోడ ఉంది, కాబట్టి నీ ప్రశ్నకు జవాబు నాకు తెలియదు. నేను రాసిన కూజా కంటే అది వంద రెట్లు బాగుంది. నాలుగు నిమిషాలు చూశానేమో. “రెడ్డెమ్మా, సామాన్లు వదిలేసి ఇక్కడేం చేస్తున్నావు? యల్లా, పద!” అని మామా గొంతు. వచ్చేశాను. సంచులెత్తుకుని ఆమె వెనకాలే నడిచాను.

ఇరవయ్యో తేదీన పుస్తకం ఇస్తావు. మీ సారు ఎక్కడో ఆ కూజా ఫొటో చూస్తే నీ చదువు పోతుంది. చెబితే నాకు నువ్వు పోతావు. చెబుతున్నాను.

ఇక నేను అడిగేవి ఇవి. బతిమాలడం లేదు, అడుగుతున్నాను.

మొదటి పేజీ చించెయ్.

ఆ పదకొండు పేజీలు తీసెయ్.

మీ సారుకు ముందే నువ్వే చెప్పు. తప్పు మా అమ్మదని నా పేరు పెట్టి చెప్పు.

‘అందరిదీ’ అన్న వాక్యం కొట్టెయ్. కొట్టెయ్యబుద్ధి కాకపోతే దాని కింద బల్ల గురించి రాయి.

నా కోసం వాదించకు. నా మీద జాలిపడకు.

శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తాను. తిట్టడానికైనా నువ్వే ఎత్తు.

ఇట్లు,
నువ్వు ఇంకా అలాగే పిలుస్తావో లేదో తెలియని
మీ అమ్మ,
రెడ్డెమ్మ