డేరా సినిమాలో మనం చూడని చివర

రాజక్కా,

నేను నీ చెల్లెలు నర్సవ్వను. డెబ్బై దాటాయి. మెట్‌పల్లిలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

నువ్వు మొగుడి దెబ్బలకు తాళలేక పుట్టింటికి వచ్చినప్పుడు మన బాపు ఇద్దరినీ డేరా సినిమాకు తీసుకెళ్లాడే, ఆ సినిమా నిన్న టీవీలో వచ్చింది. అందులో ఇల్లాలు మొగుడి కాళ్ల మీద పడగానే బాపు మనల్ని లేపాడు. "నడువుండ్రి బిడ్డా, వానొచ్చెటట్టుంది, ఎడ్లు బెదుర్తయ్." చినుకైనా పడలేదు. ఆడదంటే అట్లా ఉండాలంటూ నువ్వు తెల్లారే అత్తగారింటికి వెళ్లావు. ఏడాది తిరగకముందే నీ చావు కబురు వచ్చింది.

సినిమా కథ అక్కడ అయిపోలేదక్కా. ఆ ఇల్లాలు లేచి పుట్టింటికి వెళ్లిపోయింది.

"మీ బాపు ఆ సినిమా ముందుగాల్నే చూసిండేమో అత్తా" అంది కోడలు.

నా అనుమానమూ అదే. సినిమాలో ఆమె తండ్రి తలుపు తీశాడు.

నర్సవ్వ వేలిముద్ర
చూసిన సాక్షులు: కోడలు సుజాత, మనవరాలు స్వప్న