ఆదివారం గుర్రం

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

రాములమ్మక్కకు, తమ్ముడు ఈరన్న నమస్కారం చేసి రాసేది. ఇక్కడ నేను, సుజాత, పాప ఆరోగ్యంగానే ఉన్నాం. ఎమ్మిగనూరులో నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? వానలు పడ్డాయా? ఫోను చేస్తే సరిపోయేదే. కానీ ఈ మాటలు ఫోనులో చెప్పలేను, అందుకే కాగితం తీసుకున్నాను.

ఇక్కడ రోజూ ముసురే. సెంట్రింగు పని ఆగుతూ సాగుతూ ఉంది. మన ఊరు కోసిగి వాళ్లు నలుగురు తోడున్నారు, దిగులు పడకు. సుజాత రెండిళ్లలో పాచిపని చేస్తోంది. జొన్నరొట్టె తిని ఎన్నాళ్లయిందో. ఇటు ఎవరైనా వస్తుంటే కొంచెం జొన్నపిండి, గురెళ్ల కారం పంపించు. మేం బాగానే ఉన్నాం అక్కా, తిండికి లోటు లేదు.

అసలు సంగతి చెబుతాను. మేముండే రేకుల షెడ్డుకు దగ్గర్లో డబ్బున్నవాళ్లకు గుర్రపుస్వారీ నేర్పే చోటు ఒకటుంది. వచ్చిన కొత్తలోనే నా కాళ్లు అటు పోయాయి. ఆదివారం పొద్దున లద్దె ఎత్తి, గుర్రాలకు మాలీసు చేస్తే, ఆఖరున ఒకదాన్ని కాసేపు తిప్పనిచ్చేవాళ్లు. జీతమేమీ లేదు, స్వారీయే జీతం. నా పిచ్చి నీకు తెలుసు గదా. ఆదోనిలో జట్కా మానేసిన సాయిబు దగ్గర బిజిలీని కొన్నప్పుడు, కూలికి పోయేవాడికి గుర్రమెందుకని ఊరంతా నవ్వింది. దాన్నెక్కి కాలువ గట్టు మీద పోతుంటే నాకు ఎవరి మాటా వినపడేది కాదు. మీ కొట్టంలో కట్టేసి ఇటు వచ్చినా, మనసు అక్కడే ఉండిపోయింది.

సుజాతకు చెప్పే పోయేవాడిని. "పో, నీళ్ల ట్యాంకరు వచ్చేలోపల రా" అనేది. నేను వచ్చేసరికి బిందెలన్నీ తానే మోసి, షెడ్డు ముందు కూర్చుని ఉండేది. ఏమీ అనేది కాదు. అనకపోతే బాగున్నట్టే అనుకున్నాను. వారమంతా వాళ్ల కోసమే గదా చాకిరీ, ఈ ఒక్క పూట నాది అనుకున్నాను. ఆమెకూ ఆ ఒక్క పూటే సెలవని తట్టలేదు.

పోయిన నెల ఒక ఆదివారం పాప ఏడుస్తోందని ఎత్తుకుని ఆమే అక్కడికి వచ్చింది. కంచె బయట నిలబడి చాలాసేపు చూసిందట. నేను గమనించనే లేదు. ఇంటికి నడిచి వస్తుంటే దారిలో చెప్పింది.

"పెండ్లైనకాడి నుంచి నీ మొగం ఇట్ల నవ్వంగ నేను సూడ్లేదు. మాతో ఉన్నెప్పుడు గూడ నువ్వు పన్లో ఉన్నెట్లే ఉంటావు."

"అట్లేం లేదు సుజాతా" అన్నాను.

"నాకు కోపం లేదు. పాపను పిల్సుకోని కోసిగికి పోతా, ఆడనే కూలికి పోతా. నువ్వు ఈడ సంతోసంగా ఉండు."

అరిచి తిట్టి ఉంటే నేనూ అరిచేవాడిని. మెల్లగా చెప్పింది కాబట్టి భయం వేసింది. ఆమె పోతే నేను ఉండలేను అక్కా.

అప్పటి నుంచి అటు పోలేదు. ఆదివారం నీళ్లు నేనే మోస్తున్నాను. తర్వాత ఏం చేయాలో తోచక గోడకు ఆనుకుని కూర్చుంటాను. పాప నా వీపెక్కి ఆడుతుంది. నేను నవ్వితే చాలు, అది నిజం నవ్వేనా అన్నట్టు సుజాత నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపుకు ఉన్న నవ్వు కాస్తా పోతుంది. ఊరికి పోతాననడం ఆపింది గానీ, ఇక్కడే ఉంటానని ఇంకా అనలేదు.

బావ మేతకు అవస్థ పడుతున్న సంగతీ తెలుసు. ఆయన చెప్పిన ఆదోని బ్యాండుమేళం అతనికి బిజిలీని ఇచ్చేయండి. నేను రాను, చూస్తే ఇవ్వలేను. పెండ్లి ఊరేగింపుల్లో టపాకాయలకు బెదురుతుంది, మొదట్లో చెవుల్లో దూది పెట్టమనండి. గట్టిగా అదిలిస్తే మొండికేస్తుంది, మెడ మీద చెయ్యేస్తే చాలు.

బావకు, మీ అత్తకు నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. మా కాపురం నిలబడాలని నీ నోటితో ఒక్కసారి అను అక్కా.

ఇంకొక్క మాట. గొడ్డును అమ్మితే దాని మెడ పలుపు కొన్నవాళ్లకు ఇవ్వం గదా. దాని వెనక ఇంకొకటి రావాలని ఇంట్లోనే ఉంచుకుంటాం. ఇప్పుడే సుజాత నా పక్కకు వచ్చి, "పలుపు మాత్రం ఇయ్యొద్దని రాయి. ఎప్పుడన్న ఇంగొగటి కొంటువులే" అంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు. పాపను ఎత్తుకుని బయటికి పోయింది.

పలుపు కూడా ఇచ్చేయండి.

నీ తమ్ముడు,
ఈరన్న