తలగడల వీధిలో సింహాచలం తాత

పోర్ట్ బ్లెయిర్

అప్పకి, తమ్ముడు రమణ వినయంగా వంగి రాయునది. ఇక్కడ నేనూ నా గొడుగూ క్షేమం. అక్కడ నువ్వు, బావ, మామ్మ, మామ్మ రాట్నం క్షేమమని తలుస్తాను. ఇది మామ్మకి చదివి వినిపించవలసిన ఉత్తరం. ఫోనులో చెబితే ఆవిడ సగంలోనే ఏడుపు మొదలెడుతుంది.

సిమెంటు కొట్టులో పని బాగానే ఉంది. వాన ఆగదు. ఊళ్ళో ఎటు చూసినా మన జిల్లావాళ్ళే, ఒంటరిగా ఉందామన్నా ఉండనివ్వరు. సాయంత్రాలు మాత్రం కొంచెం దిగులు.

ఇక అసలు సంగతి. తెల్లవాళ్ళు శిక్ష వేసి ఈ దీవికి ఓడెక్కించిన సింహాచలం, మన తాతకి ముత్తాత. మహాలయ అమావాస్యకి పెద్దలందరికీ ఆకులు వేసే మామ్మ ఆయనకి మాత్రం వెయ్యదు కదా. "సచ్చిపోనాడని ఎవుడు సెప్పాడ్రా? నోట్లో నీల్లోసినోడు ఉన్నాడో నేదో తెలవకుండా ఆకెలాగేస్తాను?" అంటుంది. ఆ లెక్కన దేశంలోకెల్లా పెద్ద వయసు మన తాతదే.

వచ్చిన దగ్గర్నుంచీ వెతుకుతున్నాను. సింహాచలం అని పిలిస్తే ఇక్కడ బస్సులో సగం మంది వెనక్కి తిరుగుతారు. విసిగి మానేశాను.

మొన్న తలగడ కొందామని వెళ్తే, ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చుని చేప దవడతో దూది ఏకుతోంది! అచ్చం మన మామ్మ వాలుగ దవడతో ఏకినట్టే. మన పొందూరు వైపు తప్ప ఇంకెక్కడా లేని పని కదా. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"తలగడ కావాలా, నీ పళ్ళు చూపించడానికొచ్చావా?" అంది హిందీలో.

దవడ అడిగి తీసుకుని నేనూ ఏకి చూపించాను. ఈసారి ఆవిడ నోరు తెరిచింది.

ఓడలో ఖైదీగా వచ్చిన తన ముత్తాత నేర్పిన పనట. పేరు సింహాచలం. ఇక్కడ వాలుగ దొరక్క, పళ్ళు సరిగ్గా కుదిరే దవడ కోసం సముద్రంలోని చేపలన్నీ తిని చూశాడట. శిక్ష తీరాక ఇక్కడే పెళ్ళి చేసుకున్నాడు (ఇది మామ్మకి నెమ్మదిగా చదువు). కొడుకు ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. నోట్లో నీళ్ళు ఆ కొడుకే పోశాడు.

అంటే ఆవిడ మన తాతకి తోబుట్టువు వరస, ఈ వయసులో మామ్మకి ఆడపడుచు దొరికింది. నా సానుభూతి తెలుపు. లాంఛనంగా ఒక పొందూరు చీర, ఒక మంచి వాలుగ దవడ పంపమను. ఆవిడ దవడకి పళ్ళూడిపోయాయి.

మామ్మ కాళ్ళకీ బావకీ ఇక్కణ్ణుంచే దణ్ణాలు. వచ్చే మహాలయ అమావాస్యకి సింహాచలం తాతకి ఆకు వెయ్యమను. అందులో చేప మాత్రం వద్దు, పాపం ఆయన తిన్నవి చాలు.

మీ అందరి దీవెనలు కోరే,
రమణ