లంచం మనిషికి అల్లం చాయ్

నిజామాబాద్,
జనవరి 1992

పెద్దమ్మకు ప్రమీల దండాలు.

చిన్నప్పటి నుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు. లంచం తీసుకునే మనిషికి మనమే చాయ్ ఎందుకు పోస్తాం? అదీ అల్లం దంచి వేసి! మనూరి వాళ్లు బస్టాండులో కలిసి చెప్పారు. చెరుకు ఎండిపోతున్నా, వాగు అవతలి సహకార చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డుమన్ దేవిదాస్ చేయి తడపనిదే కొట్టడానికి పర్మిట్ ఇవ్వడట. పైగా వారం వారం నీ అరుగు మీద చాయ్ తాగి పోతాడట.

నేను లంచాలు పట్టే శాఖకు ఫిర్యాదు ఇచ్చాను. ఆదివారం ఆఫీసర్లతో వస్తున్నాను. వాళ్లు పౌడర్ పూసిన నోట్లు నీకిస్తారు, నువ్వు అతనికివ్వాలి. ఆ చేతులు సోడా నీళ్లలో ముంచితే నీళ్లు ఎర్రబడతాయి. దొరికినట్టే. ఎవరికీ చెప్పకు. ఉత్తరాలు చదివిపెట్టే రుక్మాబాయితో కూడా ఒట్టు వేయించుకో.

నీ ప్రమీల

తా.క. నా పక్క పోర్షన్ వాళ్లు ఖాళీ చేసి పోయారు. సాయంత్రాలు రేడియోలో వార్తలాయన నమస్కారం అంటే నేనూ నమస్కారం అంటున్నాను.

*

బిడ్డ ప్రమీలకు పెద్దమ్మ ఈరవ్వ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకొని విన్న. ఏం పౌడర్ బిడ్డా, మొఖానికి రాసుకునేదా? సోడా అంటే తాగేదా, బట్టలుతికేదా? జర ఇవరంగ రాయి. ఈడ తెలుసుకోవాలని మస్తుగున్నది.

ఆదివారం మనింట్ల మల్లన్న పట్నం, దేవుని కొలుపు. సార్లు ఎంతమందొస్తరు? బువ్వ వండాలె గద. గడప తొక్కినోళ్లందరి చేతులల్ల బండారి పసుపు పెడ్త, ఒద్దనొద్దని జెప్పు. చెరుకు ఎండుతున్నది, ఇంకా ఆలస్యమైతే పొయ్యిల వెట్టుడే.

ఇట్లు, పెద్దమ్మ

తా.క. రాసేటోళ్లకు చలికి చేతులు వణుకుతున్నయంట. అక్షరాలు వంకరవోతే ఏమనుకోకు.

*

బిడ్డ ప్రమీలకు,

మొఖం మాడ్చుకొని జీపెక్కి పోయినవు. బువ్వన్న తినకపోతివి.

దేవిదాసు నోట్లు ముట్టనే లేదు. నేనియ్యబోతే ‘ఒద్దవ్వా’ అని చేతులు ఎనుకకు తీసుకున్నడు. బండారి వట్టిండు, చాయ్ తాగిండు, గంతే. అయినా ఆయన చేతులు ముంచితే నీళ్లు ఎర్రగైనయి! ఆయన ఏడుపు మొఖం సూడలేక నా చేతులు ముంచిన, ఎర్రగైనయి. నీ చేతులు ముంచిన, అయీ ఎర్రగైనయి. పెద్దసారు ‘ఆగవ్వా, అది రుజువు’ అని గిన్నె గుంజుకుంటే ఆయన ఏళ్లు గూడ ఎర్రగైనయి. ‘మరి నువ్వెంత తిన్నవు సారూ?’ అన్న. గదేమన్న తప్పా?

తెల్లారే పర్మిట్ వచ్చింది, పైస లేకుంట. చెరుకు బండెక్కింది.

పెద్దమ్మ

తా.క. చేను బోడిగున్నది. పర్మిట్ పనన్న లేదు, ఇగ ఎవలొస్తరు నా ఇంటికి? నువ్వన్న రా.

*

నిజామాబాద్

దేవిదాస్ గారికి,

‘పెద్దమ్మకు’ అని రాసి కొట్టేశాను. దీన్ని ముందు చదివేది మీరే కదా.

ఆ రోజు చేతులు గిన్నెలో ఉండగానే మీరు నన్నడిగారు: ‘పక్క పోర్షన్ల ఎవలన్న దిగిండ్రా అక్కా? ఒక్కదానివే ఎట్లుంటున్నవు?’ అప్పుడు చెవికెక్కలేదు. జీపు జానకంపేట దాటాక ఎక్కింది. ఆ సంగతి నేను రాసింది పెద్దమ్మ ఒక్కదానికే. రుక్మాబాయి మోర్తాడ్‌లో కూతురింటికి పోయి ఏడాదయిందని నిన్న తెలిసింది. అప్పటి నుంచి నా ఉత్తరాలు ఎవరు చదివి వినిపిస్తున్నారని నేను ఒక్కసారీ అడగలేదు.

అంటే, మిమ్మల్ని పట్టించే ఏర్పాటంతా మీకే రాసి పంపాను. సోడా నీళ్లలో పసుపైనా ఎర్రబడుతుందని మాత్రం నాకు తట్టలేదు. వణికింది చలికి కాదు. మీ ‘ఏడుపు మొఖం’ కూడా ఆమె చెప్పింది చెప్పినట్టే రాశారు. అది నాకు నచ్చింది, నచ్చకూడదని ఉన్నా.

పెద్దమ్మకు ఊరికే ఇచ్చారు. మిగతా రైతులకు? వాళ్ల తరఫున ఇంకో ఫిర్యాదు రాసి బల్ల మీద పెట్టాను. మీరు పోతే ఆమె అరుగు మీద ఎవరు కూర్చుంటారు? నేను పోయి కూర్చోవచ్చు. ఇన్నేళ్లూ పోగలిగేదాన్నే.

ప్రమీల

తా.క. ఆమెకు మాత్రం ఇలా చదవండి: ‘ప్రమీల బాగున్నది, వచ్చే ఆదివారం వస్తుంది, చాయ్‌లో అల్లం వేయమంది.’ వస్తానో రానో, ఆ ఫిర్యాదు పోస్టు డబ్బాలో వేస్తానో లేదో, నేనింకా తేల్చుకోలేదు.