తొక్తో కాళ్ళకు కట్టిన దారం

బిష్కెక్,
1997 ఫిబ్రవరి 4.

అత్తయ్యగారికి,
కోడలు నుర్జాత్ వంగి సలాం చేసి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. మన పిల్లాడు తొక్తో బల్ల వదిలేసి ఒక అడుగు వేశాడట. ఆ మాట నాకు మన ఊరి బొగ్గు లారీ డ్రైవరు చెప్పాడు. బజారులో గుర్తుపట్టి, "మీవాడు ఒక అడుగేసి కూలబడ్డాడు చెల్లీ" అన్నాడు. అతను రేపు పొద్దున్నే మళ్ళీ అక్కడికి బయల్దేరుతున్నాడు. తర్వాత మంచు పడి కనుమ మూసేస్తే ఎన్నాళ్ళకో. అందుకే ఇక్కడే, బంగాళాదుంపల బస్తా మీద కూర్చుని రాస్తున్నాను.

అడుగు పడిందంటే దారం కోసే వేడుక దగ్గరపడినట్టే. నలుపూ తెలుపూ ఉన్ని కలిపి పేనడం, వాడి రెండు కాళ్ళూ కట్టడం, పిల్లలు దూరం నుంచి పరుగెత్తుకు రావడం, ముందొచ్చినవాళ్ళు ఆ దారం కోయడం, అదంతా నా కళ్ళతో చూడాలని ఉంది. వాడికి పన్ను మొలిచినప్పుడు నేను లేను. పుట్టు వెంట్రుకలు తీసినప్పుడూ లేను. వాళ్ళ నాన్న అయితే వాడు పుట్టడమే చూడలేదు. లారీతో పాటు ఆయన ఆ కనుమలో పడిపోయి ఈ నెలకి పదిహేను నెలలు.

నా చివరి పరీక్ష మార్చి 20న. 21న నోరూజ్ పండక్కి అక్కడుంటాను. అంతవరకు దయచేసి దారం ఎవరిచేతా కోయించకండి. కోసినవాళ్ళ నడకా, కోసినవాళ్ళ రాతా బిడ్డకి వస్తాయని మీరే చెప్పారు. ఆ కోసేది ఎవరైనా చదువుకున్నవాళ్ళయితే బాగుంటుందని నా కోరిక. కోరిక మాత్రమే.

మీ కోడలు,
నుర్జాత్

తా.క. కవరు మీద మీ పేరు నేను రాయలేదు. కోడల్ని, ఎలా రాస్తాను. నాతో బజారుకొచ్చిన, నా గదిలో ఉండే అమ్మాయి రాసింది. ఆమె తప్పు రాసినా దిద్దే హక్కు నాకు లేదు కాబట్టి అలాగే పంపుతున్నాను.

మరో తా.క. నేను పాఠం చెప్పడం నేర్చుకుంటున్నది హాస్టల్ పక్కనే ఉన్న పసిపిల్లల బడిలో. గది వెచ్చగా ఉంటుంది, పిల్లలకి రోజూ పాలిస్తారు. తొక్తో వయసువాళ్ళు పన్నెండు మంది ఉన్నారు.


కోక్‌జార్,
ఫిబ్రవరి 12.

కోడలు నుర్జాత్‌కి,
అత్త దీవించి చెప్పి రాయిస్తున్నది.

రాయించడం ఎందుకంటే నా కళ్ళద్దాల మీద నీ కొడుకు కూర్చున్నాడు. నీ ఉత్తరం మన పశువుల డాక్టరు జెక్షెన్ చదివి వినిపించాడు. ఆవు రోగం చెప్పినట్టు చదివాడు. ఇప్పుడు నేను చెప్తుంటే రాస్తున్నదీ అతనే.

నువ్వొచ్చేదాకా బిడ్డ నడవకూడదని రాశావు. సరే, నడవడు. దారం కోయకుండా నడిచిన బిడ్డ జన్మంతా తట్టుకుని పడుతూనే ఉంటాడు, అది నీకు తెలియనిది కాదు. కోయొద్దన్నావంటే నడిపించొద్దనే కదా. అందుకని మళ్ళీ పసివాళ్ళ ఊయల తొట్టిలో పడుకోబెట్టి గుడ్డపట్టీలతో కట్టాను. వాడికది పొట్టి అయింది, కాళ్ళు బయటికి వేలాడుతున్నాయి. తొట్టిలో లేనప్పుడు నేను ఎత్తుకుంటున్నాను. నా నడుం పట్టేస్తే జెక్షెన్ ఎత్తుకుంటున్నాడు. నిన్న పొరుగావిడ వచ్చి, బిడ్డ కాళ్ళకేమైనా అయిందా అని అడిగింది. కాళ్ళు బాగానే ఉన్నాయి, మార్చి నెల దాకా వాడొద్దని కోడలు కబురు పెట్టింది అన్నాను.

చదువుకున్నవాళ్ళు కోయాలన్నావు. ఈ ఊళ్ళో అంత చదువుకుని మిగిలింది జెక్షెన్ ఒక్కడే. అతని కుడికాలు గుర్రం తన్ని వంకరపోయింది. బిడ్డకి ఆ నడక కావాలేమో ఆలోచించుకో.

వెచ్చటి బడి సంగతి అర్థమైంది. దాని మీద నేనేమీ అనను. ఇక్కడ బొగ్గు అయిపోయి పిడకలు కాలుస్తున్నాం, నిజమే. కరెంటు వారానికి రెండు రోజులు, అదీ నిజమే. పాలు మాత్రం ఇక్కడ కూడా తెల్లగానే ఉంటాయి.

వాడు నన్ను అమ్మా అంటున్నాడు. నేను నేర్పలేదు.

నీ అత్త

తా.క. ఇది రాసినవాడి మాట. నేర్పింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నా ఎదురుగానే. ఇక నా కాలి సంగతి ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాను, నాకు ఇందులో సంతోషమేమీ లేదు. తొక్తో కాళ్ళు నేను పరీక్ష చేశాను. దూడలకి ఎలా చేస్తానో అలాగే. దోషం కనిపించలేదు. ఆ సమయంలో నా చెవి కరిచాడు. పళ్ళకీ దోషం లేదు. - జెక్షెన్


బిష్కెక్,
ఫిబ్రవరి 19.

అత్తయ్యగారికి,
నుర్జాత్ వంగి సలాం చేసి, కంగారుగా రాస్తున్నది.

బిడ్డని నడిపించొద్దని నేను రాయలేదు. దారం కోయొద్దని మాత్రమే రాశాను. రెండూ ఒకటే అని నాకు తట్టలేదు. తప్పు నాదే. దయచేసి వాణ్ణి తొట్టిలోంచి తీయండి.

కానీ ఒక సంగతి నన్ను తినేస్తోంది. డాక్టరుగారు వాడి కాళ్ళు పరీక్ష చేశానని రాశారు. బాగున్న కాళ్ళని ఎవరైనా పరీక్ష చేస్తారా? పదమూడు నెలల బిడ్డని తొట్టిలో కట్టడం, ఊరంతా ఎత్తుకు తిరగడం, పొరుగావిడ అడగడం, అన్నీ కలిపి చూస్తే మీరేదో దాస్తున్నారనిపిస్తోంది. నేను చదువు వదిలేసి వస్తానని భయపడి దాస్తున్నారా? నన్ను ఇక్కడికి పంపింది మీరే కాబట్టి అలా అనుకోవాల్సి వస్తోంది.

నిన్న పాఠం మానేసి పిల్లల ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ అంతా విని, తీసుకొస్తే చూస్తానంది. మార్చి మొదటి వారంలో ఒక మంచం ఖాళీ అవుతుందట. తొక్తో పేరు రాయించాను. లారీలో ఎవరైనా నమ్మకమైనవాళ్ళతో పంపండి. డ్రైవరు పక్కన, తలుపు వైపు కాకుండా, మధ్యలో కూర్చోబెట్టమనండి.

వాడు మిమ్మల్ని అమ్మా అని పిలవడం సబబే. పిలవగానే పలికేవాళ్ళు ఎదురుగా ఉండాలి కదా. ఆ వాక్యం దగ్గర మాత్రం కాసేపు ఆగి మిగతాది చదివాను.

మీ కోడలు,
నుర్జాత్

తా.క. బూట్లు పంపుతున్నాను. వాడి కొలత నాకు తెలియదు. బడిలో అదే వయసు పిల్లాణ్ణి కాగితం మీద నిలబెట్టి చుట్టూ గీత గీశాను. రెండో కాలు గీస్తున్నప్పుడు ఆ పిల్లాడు కదిలాడు. అందుకే ఒక బూటు వదులుగా ఉంటే వాడి కాలు చిన్నదయిందని కంగారుపడకండి.


కోక్‌జార్,
మార్చి 1.

కోడలు నుర్జాత్‌కి,
అత్త చెప్పి రాయిస్తున్నది. దీవెనలు కిందటి ఉత్తరంలో పంపినవే, అవి ఇంకా పనిచేస్తాయి.

బిడ్డ నడుస్తున్నాడు. నడవడమేమిటి, పరుగెడుతున్నాడు. మొన్న మన కుక్కని దాటిపోయాడు. ఆసుపత్రి మంచం రోగమున్న ఇంకే బిడ్డకైనా ఇమ్మను.

నీకు అనుమానం ఉండకూడదని శుక్రవారం దారం కూడా కోసేశాం. ఉన్ని నేనే పేనాను. ఊళ్ళో పిల్లలు ఆరుగురు పరుగుకి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ముసలివాళ్ళు పరుగెత్తకూడదని తాతముత్తాతలు ఎవరూ చెప్పలేదు. నేనే ముందొచ్చాను. నేనే కోశాను.

ఎందుకని అడుగుతావు. చెప్తా విను. నాకు అరవై మూడేళ్ళు. పెళ్ళికి ఏటి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి వచ్చాను, అంతే. నా కాళ్ళు ఈ లోయ దాటలేదు. ఇక వాడి కాళ్ళు కూడా దాటవు. లోయ దాటే కాళ్ళు మా ఇంట్లో ఒక జత ఉండేవి. వాటిని జీను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చారు.

మొదటి బిడ్డ నానమ్మ బిడ్డ. ఈ రివాజు నేను పెట్టింది కాదు. నీకు వెచ్చటి గదిలో పన్నెండు మంది ఉన్నారు. నాకు ఒక్కడు.

నోరూజ్‌కి రా. వాణ్ణి చూసుకో, ఎత్తుకో, ముద్దుపెట్టుకో. వెళ్ళేటప్పుడు మాత్రం వచ్చినట్టే వెళ్ళు.

నీ అత్త

తా.క. రాసినవాడి మాట. పరుగుకి తీర్పరిని నేనే, కాబట్టి నిజం చెప్పాల్సిన బాధ్యత ఉంది. పిల్లలు వంద అడుగుల దూరం నుంచి పరుగెత్తారు. మీ అత్త కాలిపా ఇరవై అడుగుల నుంచి. నేను జెండా ఊపకముందే బయల్దేరింది. కళ్ళద్దాలు లేవు కదా, ముందు నా దూడ దగ్గరికి పోయింది. మందు పట్టడానికి దాని కాళ్ళు కూడా కట్టి ఉంచాను. తాడు కోసేసింది. దూడ పారిపోయింది. అప్పుడు కేకేసి ఇటు మళ్ళించాను. దారిలో ఇద్దరు పిల్లల్ని మోచేత్తో నెట్టి, తర్వాత వాళ్ళకి మిగతావాళ్ళకంటే ఎక్కువ బోర్సోకు రొట్టెముక్కలు వేయించి పెట్టింది. దూడ ఇంకా దొరకలేదు.

నీ కొడుకు కుక్కని దాటిన మాట నిజమే. కుక్క పడుకుని ఉంది. నాలుగడుగులు వేస్తాడు, కూర్చుంటాడు, మళ్ళీ లేస్తాడు. కాళ్ళకి ఏ జబ్బూ లేదు. సర్కారు పొలాల రోజుల్లో గొర్రెల లెక్కల మీద చాలా అబద్ధాలు రాశాను అమ్మాయ్. బిడ్డ మీద రాయడం ఇదే మొదలు. మనసుకి బాగాలేదు.

జబ్బు ఉన్నది కాలిపాకి. ఆ జబ్బు పేరు భయం. నువ్వు మంచం సంగతి రాసినప్పటి నుంచి లారీ చప్పుడు వినిపిస్తే చాలు, వాణ్ణి తీసుకుపోయి గొర్రెల కొట్టంలో దాక్కుంటోంది. గొర్రెలు అమ్మేశాం కదా, కొట్టం ఖాళీ. ఇద్దరూ గడ్డిలో కూర్చుంటారు. వాడు అది ఆట అనుకుంటున్నాడు. కింద నేను రాసిన ఈ భాగం ఆమెకి చదివి వినిపించలేదు. - జెక్షెన్


బిష్కెక్,
మార్చి 6.

అత్తయ్యగారికి,
నుర్జాత్ వంగి సలాం చేసి రాస్తున్నది. ఈసారి నెమ్మదిగా రాస్తున్నాను. డాక్టరుగారు కూడా నెమ్మదిగా చదవాలి.

మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. రెండు రోజులు జవాబు రాయలేదు. ఆ వేడుక బిడ్డకి ఒక్కసారే చేస్తారు. మళ్ళీ కట్టి మళ్ళీ కోయడం ఉండదు. అది నాకు లేకుండా అయిపోయింది. ఈ మాట మీకు చెప్పకుండా మర్యాదగా ఉత్తరం ముగిస్తే అది అబద్ధమవుతుంది. మన మధ్య ఇప్పటికే అవి చాలా అయ్యాయి.

కానీ మీ నడక వాడికి రావడం గురించి నాకు ఏ బాధా లేదు. సెప్టెంబరులో నన్ను సాగనంపడానికి, ఎనిమిది నెలల బిడ్డని కోటు లోపల కట్టుకుని, లారీ ఆగే చోటు దాకా మీరు నాతో నడిచారు. నేను మూడుసార్లు వెనక్కి తిరిగాను. మూడుసార్లూ మీరు, "పో, చదువుకో, వాడెక్కడికీ పోడు" అన్నారు. ఆ నడక వాడికి వస్తే మంచిదే.

ఇప్పుడు మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది రాస్తాను. ధైర్యం లేక పాలు, వెచ్చదనం అని చుట్టూ తిరిగాను. ఆ పసిపిల్లల బడివాళ్ళు నాకు పని ఇస్తామంటున్నారు. ఉండడానికి ఒక గది కూడా. మన ఊరి బడికి ఇప్పుడు పొయ్యీ లేదు, జీతమూ లేదు, కిటికీలు కూడా ఎవరో పీక్కుపోయారు. అక్కడ నాకు పని దొరకదు. గది కోసం ఒక కాగితం నింపాలి. అందులో ఉండేవారు ఎంతమంది అని ఒక గడి ఉంది. జనవరిలోనే ఆ గడిలో మూడు అని రాశాను. పెన్సిలుతో రాశాను, మిమ్మల్ని ఇంకా అడగలేదు కాబట్టి.

మీరు నేను బిడ్డని తీసుకుపోతానని భయపడ్డారు. నేను మీరు రానంటారని భయపడ్డాను. గుట్ట మీద మీ అబ్బాయి సమాధి ఉంది. ప్రతి గురువారం మీరు అక్కడికి వెళ్ళి కూర్చుంటారు. దాన్ని వదిలి రమ్మని ఏ నోటితో అడగను? అడిగితే మీరు కాదంటారు. కాదన్నాక నేను ఏం చేయాలో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, దానికి మీ ఉత్తరమే కారణం.

మీ కాళ్ళు దాటకపోతే వాడి కాళ్ళూ దాటవన్నారు. అలాగే కానివ్వండి. ఆ గడిలో మూడు ఉంటుంది, లేకపోతే ఒకటి ఉంటుంది. రెండు అని నేను రాయను. కొట్టంలో దాక్కోవద్దు అత్తయ్యా. అక్కడ చలి ఎక్కువ. ఆసుపత్రి మంచం వద్దని చెప్పేశాను. లారీలో వాణ్ణి తీసుకుపోవడానికి ఎవరూ రారు.

కాగితం మార్చి 15న ఇచ్చేయాలి. ఇవ్వకపోతే గది ఇంకొకరికి వెళ్తుంది. డ్రైవరు 11న అక్కణ్ణుంచి బయల్దేరుతాడు. దయచేసి మూడో, ఒకటో రాయించి పంపండి.

మీ కోడలు,
నుర్జాత్

తా.క. డాక్టరుగారూ, దూడ దొరికిందని ఆశిస్తున్నాను. పైన ఆమె చెప్పింది చెప్పినట్టే రాయండి. కింద నిజం రాయండి. మార్చి 13లోగా రెండూ నాకు అందాలి.